మున్నీకి, రూంలోని దోస్తులకు

హన్మకొండ,
ఆదివారం

బిడ్డా మున్నీ,

పోయిన వారం ఫోన్‌లో "తాతా, ఏఐ వస్తే అమ్మ ఉద్యోగం పోతుందట, నిజమేనా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఫోన్ ఇంకో అమ్మాయికి ఇచ్చేశావు. హాస్టల్ ఫోన్, వెనక లైన్ ఉంటుంది, తెలుసు. అందుకే రాస్తున్నా. మీ రూంలో అందరూ చదవండి.

మొన్న రాత్రి మీ అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనే ఒకాయనకు జీఎస్టీ నోటీసు వచ్చింది. లెక్క ఎందుకు కలవలేదో 30 రోజుల్లో రాసివ్వాలి. అమ్మ ఆయన పేరు, జీఎస్టీ నంబరు తీసేసి మిగతాది చాట్‌జీపీటీకి ఇచ్చింది. నా టీ చల్లారకముందే రెండు పేజీల జవాబు! పెద్ద వకీలు రాసినట్టుంది. మధ్యలో ఒక సర్క్యులర్ నంబరు, తేదీ కూడా. ఆ నంబరు పట్టుకుని పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో వెతికితే, అది వేరే ఏదో విషయం మీద ఇచ్చిన సర్క్యులర్. అరగంట పోయింది. అయినా మొత్తం తనే రాసుంటే రెండు గంటలు పట్టేదట.

అది కావాలని అబద్ధమాడలేదురా. లెక్కలేనంత రాత చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతుంది, అంతే. సర్క్యులర్ నంబరు చూడటానికి ఎలా ఉంటుందో దానికి తెలుసు. నెట్‌లో వెతికి చెప్పేవి కూడా వచ్చాయి, అవీ తప్పులు చేస్తాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసులను నిజమనుకుని కోర్టుకు ఇచ్చారు. 5,000 డాలర్ల జరిమానా పడింది.

మా బ్యాంకులో చేతి లెడ్జర్ల కాలంలో నెలాఖరుకు తేడా 27 వస్తే సంతోషించేవాళ్లం. 9తో నిశ్శేషంగా పోయే తేడా అంటే చాలాసార్లు ఎవరో అంకెలు తారుమారు చేసినట్టే, 63ను 36 అని రాసినట్టు. మీరూ చేసి చూడండి. మా తప్పుకు అలా ఒక జాడ ఉండేది. దీని తప్పు ఒప్పులాగే నున్నగా ఉంటుంది.

నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఆఫీసులో సార్ అటువైపు వస్తే అమ్మ కంప్యూటర్‌లో ఆ చాట్‌జీపీటీ కిటికీ మూసేస్తుందట. "చూస్తే నాకు పని రాదనుకుంటారు మామయ్యా" అంది. పక్క సీటు ఆయనా వాడతాడు, ఆయనా చెప్పడు. మన దగ్గరే కాదు, 2024లో మైక్రోసాఫ్ట్, లింక్డిన్ కలిసి 31 దేశాల్లో 31 వేల మందిని అడిగితే, ఏఐ వాడేవాళ్లలో 52 శాతం మంది ముఖ్యమైన పనులకు వాడామని చెప్పడానికి వెనకాడుతున్నామన్నారు. ఆ వాడేవాళ్లలోనే 78 శాతం మంది ఆఫీసు ఇవ్వని ఏఐని సొంతంగా తెచ్చుకుని వాడుతున్నారు. ఇక్కడే నాకు భయం. చాటుగా వాడేవాడు ఎవరి కాగితం అందులో పెట్టాడో ఎవరికి తెలుస్తుంది? 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో ఇలాంటివి వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది. లెడ్జర్‌లో ప్రతి ఎంట్రీ పక్కన రాసినవాడిది, చూసినవాడిది పొడి సంతకం ఉండేది. సాఫ్ట్‌వేర్‌తో రాయించినా ఆ రెండో సంతకం దాచకూడదని మీ అమ్మతో అన్నాను. నవ్వి ఊరుకుంది. సార్‌కు తెలిస్తే పని రెట్టింపు చేస్తాడని కూడా మీ అమ్మ టెన్షన్.

ఇక ఉద్యోగం సంగతి. 1984లో రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలంది. యూనియన్ మీటింగుల్లో మేం గొంతులు చించుకున్నాం. తీరా అవి వచ్చాక మా బ్రాంచిలో ఒక్కరినీ తీసెయ్యలేదు. కానీ రిటైరైన గుమస్తాల కుర్చీలు చాలా కాలం ఖాళీగానే ఉన్నాయి. మేం మా కోసం భయపడ్డాం. నష్టపోయింది అప్పటికి బయట లైన్‌లో ఉన్న పిల్లలు. అందుకే అమ్మ ఉద్యోగం కంటే నీ ప్రశ్న నీ గురించే ఎక్కువ అనిపిస్తుంది నాకు. అమ్మ ఆ తప్పు నంబరు పట్టుకుందంటే, పదిహేనేళ్లు చేత్తో జవాబులు రాసింది కాబట్టి. మొదటి రోజు నుంచే అది రాసిపెడితే ఆ చూపు నీకు ఎక్కడ వస్తుందో నాకింకా తేలలేదు.

వచ్చే ఆదివారం సర్వపిండి తెస్తాం. పోయినసారి గిన్నె కడిగి పెట్టు.

మీ తాత