అరువు పాటల సీరియల్‌కు సొంత పాట: 'లూజర్ లైక్ మీ' వెనుక కథ

2011 మార్చి 15 రాత్రి అమెరికాలోని ఫాక్స్ చానెల్‌లో 'గ్లీ' సీరియల్ రెండో సీజన్ 16వ ఎపిసోడ్ ప్రసారమైంది. ఎపిసోడ్ పేరే 'ఒరిజినల్ సాంగ్'. ఒహాయో రాష్ట్రం లైమా ఊళ్లోని మెకిన్లీ అనే కల్పిత హైస్కూల్ పిల్లల బృందం 'న్యూ డైరెక్షన్స్' పోటీ వేదిక ఎక్కి 'లూజర్ లైక్ మీ' పాడింది. పాట చివర్లో పిల్లలు చేతుల్లో స్లషీ కప్పులు పట్టుకుని ఒక్కసారిగా ప్రేక్షకుల మీదికి విసిరారు. వాటిలోంచి ఎగిరి పడినవి ఎర్రటి కాగితపు ముక్కలు.

సీరియల్‌ను మొదటినుంచీ చూస్తున్నవాళ్లకు ఆ కప్పు ఏమిటో చెప్పక్కర్లేదు. పాటలు పాడేవాళ్లంటే ఆ స్కూల్లో చులకన. వరండాలో నడిచిపోతుంటే స్పోర్ట్స్ టీమ్ కుర్రాళ్లు ఎదురొచ్చి, ఐసు నలిపి రంగు కలిపిన ఆ చల్లటి డ్రింకును మొహాన కొట్టేవాళ్లు. అది అక్కడ దాదాపు రోజూ జరిగే అవమానం. అదే కప్పు ఆ రాత్రి పండగ రంగులు చల్లింది. నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ మలుపే, ఇందులో మాటలతో పని లేదు.

అయితే అప్పటిదాకా ఆ సీరియల్ బతికిందంతా అరువు పాటల మీద. 2009 మే 19న వచ్చిన మొదటి ఎపిసోడ్ జర్నీ బ్యాండ్ 1981లో పాడిన 'డోంట్ స్టాప్ బిలీవిన్' పాటతో ముగిసింది. గ్లీ నటులు తిరిగి పాడిన ఆ పాట (ఇలా ఇంకొకరి పాటను మళ్లీ పాడితే దాన్ని కవర్ అంటారు) అమెరికా హిట్ పాటల వారపు చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 4వ స్థానం దాకా వెళ్లింది. జర్నీ పాడిన అసలు పాట ఆగింది 9 దగ్గర. ఆ తర్వాత వారం వారం కొత్త కవర్లు, వారం వారం చార్టులో కొత్త ఎంట్రీలు. 2011 ఫిబ్రవరిలో 'గ్లీ కాస్ట్' అనే పేరు, హాట్ 100లో అత్యధిక ఎంట్రీలున్న ఎల్విస్ ప్రెస్లీని దాటేసింది. ఎల్విస్ లెక్క 108. అయితే ఆ చార్టు 1958లో మొదలైంది, ఎల్విస్ పెద్ద హిట్లలో కొన్ని అంతకు ముందువి. పైగా గ్లీ పాటల్లో చాలావరకు ఒక్క వారం కనిపించి మాయమైనవే. ఆ అంకెను చూసేటప్పుడు ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోవాలి.

ఇంత బాగా నడుస్తున్న బండికి సొంత పాట ఎందుకు కావాల్సి వచ్చింది? దీనికి రెండు సమాధానాలున్నాయి. ఒకటి హక్కులకు, డబ్బుకు సంబంధించింది. రెండోది కథకు సంబంధించింది.

ముందు హక్కుల సంగతి. అమెరికా చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి రికార్డుగా బయటికి వచ్చిందంటే, దాన్ని ఎవరైనా మళ్లీ పాడి రికార్డు చేసి అమ్ముకోవచ్చు. రచయిత ఒప్పుకోవాలన్న నిబంధన లేదు, చట్టం నిర్ణయించిన రేటు కడితే చాలు. 2011లో ఆ రేటు ఐదు నిమిషాల లోపు పాటకు కాపీకి 9.1 సెంట్లు. రెండు లక్షల కాపీలు అమ్ముడైతే సుమారు 18,200 డాలర్లు రచయితకు, పాట హక్కులు చూసే అతని పబ్లిషర్‌కు వెళ్తాయి. కానీ అదే పాటను తెర మీద దృశ్యంతో కలపాలంటే లెక్క వేరు. దాన్ని సింక్ లైసెన్స్ అంటారు. దానికి చట్టం నిర్ణయించిన రేటంటూ లేదు, బలవంతమూ లేదు. పాట యజమానితో బేరమాడి ఒప్పించుకోవాలి. ఆయన వద్దంటే కథ అక్కడితో సరి.

వద్దన్నవాళ్లు నిజంగానే ఉన్నారు. కింగ్స్ ఆఫ్ లియాన్ బ్యాండ్ తమ 'యూజ్ సమ్‌బడీ' పాటను ఇవ్వలేదు. సీరియల్ సృష్టికర్తల్లో ఒకరైన రయన్ మర్ఫీ 2011 జనవరిలో ఆ విషయంపై బహిరంగంగానే కోపం చూపించాడు. కొందరు రాక్ సంగీతకారులు ఇవ్వనన్నవాళ్ల వైపు నిలబడ్డారు. ఆ గొడవ వల్లే సొంత పాటలు పుట్టాయని నేను అనను. కానీ ప్రతి వారం ఎవరి గుమ్మం ముందో నిలబడాల్సిన సీరియల్‌కు సొంత పాట ఎంత ఊపిరినిస్తుందో ఊహించుకోవచ్చు. ఆ ఎపిసోడ్ కథ కూడా అక్కడే మొదలవుతుంది. మై కెమికల్ రొమాన్స్ బ్యాండ్ పాట ఒకటి పోటీలో పాడాలని పిల్లలు అనుకుంటారు, పాడొద్దంటూ నోటీసు వస్తుంది. అప్పుడు మనమే రాసుకుందామన్న మాట ముందుకొస్తుంది.

ఇక కథ సంగతి. నా దృష్టిలో అసలు కారణం ఇదే. కవర్ పాట ఎంత బాగా పాడినా అది ఇంకొకరి మాట. బృందంలోని రేచల్ బెర్రీ అనే అమ్మాయి తన బాధను ఎప్పుడూ ఇంకెవరి బాధలోనో దాచి చెప్పుకోవాలి. ఆమె మొదట రాసిన పాట తన హెడ్‌బ్యాండ్ మీద, 'మై హెడ్‌బ్యాండ్'. తర్వాతది 'ఓన్లీ చైల్డ్', తోబుట్టువులు లేని పిల్ల గోడు. రెండూ పేలవంగానే ఉంటాయి, కావాలనే అలా రాశారు. మిగతా పిల్లల ప్రయత్నాలూ అంతే. సంటానా తన బాయ్‌ఫ్రెండ్ మూతి మీద పాట కడుతుంది. రాయడం చేతకానివాళ్లు మొదట ఏం రాస్తారో అంత నిజాయితీగా చూపించిన టీవీ ఎపిసోడ్ నాకు ఇంకొకటి గుర్తు లేదు. ముందు వస్తువుల మీద రాస్తారు, తర్వాత ఎదుటివాళ్ల మీద రాస్తారు, మనసులో గుచ్చుకున్నదాని జోలికి మాత్రం చివరిదాకా పోరు. తాను ప్రేమించిన ఫిన్ చేయి జారిపోయాడని అర్థమయ్యాకే రేచల్ కలం నుంచి 'గెట్ ఇట్ రైట్' వస్తుంది. బృందం మొత్తం కూర్చుని, ఎవరికి ఏ అవమానం జరిగిందో ఒక్కొక్కరే చెప్పుకున్నాకే 'లూజర్ లైక్ మీ' పుడుతుంది.

కథలో ఆ పాటను పిల్లలు రాశారు. బయట దాన్ని రాసిన ఐదుగురు ఆడమ్ ఆండర్స్, పియర్ ఆస్ట్రోమ్, మాక్స్ మార్టిన్, సావన్ కొటేచా, షెల్‌బ్యాక్ అని పిలిచే యోహాన్ షూస్టర్. ఆండర్స్, ఆస్ట్రోమ్ ఇద్దరూ మొదటినుంచీ గ్లీ సంగీతాన్ని తయారు చేస్తున్నవాళ్లు. మాక్స్ మార్టిన్ 1990ల చివరి నుంచి అమెరికా పాప్‌ను స్వీడన్ నుంచి నడిపించిన మనిషి, బ్రిట్నీ స్పియర్స్ తొలి హిట్ ఆయన రాసిందే. షెల్‌బ్యాక్ ఆయన శిష్యుడి లాంటివాడు. అంటే ఒహాయో పిల్లల గుండెలోంచి వచ్చినట్టు వినిపించాల్సిన మాటలను, అప్పటికి ప్రపంచంలోనే చేయి తిరిగిన హిట్ రచయితలు కూర్చుని పేర్చారు. పాట వింటే అది తెలుస్తుంది కూడా. పల్లవి తొందరగా వస్తుంది, బీటు తడబడదు, గొంతులన్నీ నున్నగా చెక్కినట్టుంటాయి.

ఇది మోసమా? నేను అలా అనుకోవడం లేదు. సంభాషణలు కూడా రచయితలే రాస్తారు, వాటిని పాత్రల మాటలుగానే మనం తీసుకుంటాం. కాకపోతే పాట విషయంలో జనం అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఈ పాట ఎవరిది అన్న ప్రశ్న టీవీలో 2011లో కొత్తగా పుట్టింది కాదు, అప్పటికి 45 ఏళ్లుగా నలుగుతోంది.

1966 సెప్టెంబరు 12న ఎన్‌బీసీ చానెల్‌లో 'ద మంకీస్' మొదలైంది. బ్యాండ్ పెట్టుకుని పైకి రావాలని తిప్పలు పడే నలుగురు కుర్రాళ్ల కథ అది. మికీ డోలెంజ్, డేవీ జోన్స్, మైకేల్ నెస్మిత్, పీటర్ టార్క్ ఆ వేషాలకు ఎంపికయ్యారు. పాటల బాధ్యత డాన్ కిర్ష్నర్ అనే మ్యూజిక్ పబ్లిషర్‌ది. టామీ బోయ్స్, బాబీ హార్ట్ రాసిన 'లాస్ట్ ట్రెయిన్ టు క్లార్క్స్‌విల్' సీరియల్ కంటే కొన్ని వారాల ముందే మార్కెట్లోకి వచ్చి, నవంబరుకల్లా నంబర్ వన్ అయింది. నీల్ డైమండ్ రాసిన 'ఐయామ్ ఎ బిలీవర్' ఏడు వారాలు ఆ స్థానంలోనే ఉంది. పాట సీరియల్‌ను అమ్మింది, సీరియల్ పాటను అమ్మింది. టీవీ ఆ తర్వాత కూడా ఈ సూత్రం దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చింది.

తేడా వచ్చింది ఆ నలుగురి దగ్గరే. మొదటి రికార్డుల మీద వాయించింది చాలావరకు స్టూడియో కళాకారులు. తమ పేరుతో రెండో ఆల్బమ్ బయటికొచ్చిన సంగతి కూడా తమకు ముందు చెప్పలేదని వాళ్లు మండిపడ్డారు. 1967 మొదట్లో జరిగిన ఒక వాగ్వాదంలో నెస్మిత్ హోటల్ గది గోడను గుద్దాడు. కొద్ది రోజులకే కిర్ష్నర్‌ను తప్పించారు. ఆ మేలో వాళ్లే వాయించి, చాలా పాటలు వాళ్లే రాసుకున్న 'హెడ్‌క్వార్టర్స్' ఆల్బమ్ వచ్చింది. ఒక వారం నంబర్ వన్‌గా ఉండి, ఆ వెంటనే బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్'కు చోటిచ్చింది. బ్యాండుగా నటించమని తీసుకొచ్చినవాళ్లు పట్టుబట్టి నిజంగానే బ్యాండు అయ్యారు. ఈ చరిత్ర మొత్తంలో నా మనసును ఎక్కువగా తాకే ఘట్టం ఇది.

కిర్ష్నర్ ఆ తర్వాత ఎదురు చెప్పని గాయకుల దగ్గరికి వెళ్లాడు. వాళ్లు కార్టూన్ బొమ్మలు. ఆర్చీస్ అనే బొమ్మల బ్యాండు పేరుతో 1969లో వచ్చిన 'షుగర్, షుగర్' నాలుగు వారాలు నంబర్ వన్‌గా నిలిచి, ఆ ఏడాది బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి పాట అయింది. జెఫ్ బ్యారీ, ఆండీ కిమ్ దాన్ని రాశారు, రాన్ డాంటే పాడాడు. 1970లో 'పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ' సీరియల్ నుంచి 'ఐ థింక్ ఐ లవ్ యూ' వచ్చి అదీ నంబర్ వన్ అయింది.

ఆ తర్వాత ఈ దారి చాలాకాలం వెలవెలబోయింది. 1990లో స్టీవెన్ బోచ్కో 'కాప్ రాక్' అని పోలీసులు, జడ్జిలు పాటలు పాడే సీరియల్ తీస్తే 11 ఎపిసోడ్లకే ఆగిపోయింది. రాండీ న్యూమన్ అందులో పాటలు కట్టి టీవీ రంగపు పెద్ద అవార్డు ఎమ్మీ కూడా తెచ్చుకున్నాడు, అయినా జనం నిలవలేదు. టీవీకి సొంత పాట మీద మళ్లీ ధైర్యం తెచ్చింది 2006 జనవరిలో డిస్నీ చానెల్ వేసిన 'హై స్కూల్ మ్యూజికల్'. సీరియల్ కాదు, టీవీ సినిమా. అందులోని 'బ్రేకింగ్ ఫ్రీ' హాట్ 100లో 86 నుంచి ఒక్క వారంలో 4కు ఎగబాకింది. డౌన్‌లోడ్ల కాలం వచ్చేసింది. రాత్రి టీవీలో విన్న పాటను పిల్లలు అప్పటికప్పుడే కొనుక్కుంటున్నారు. గ్లీ అడుగుపెట్టింది సరిగ్గా ఆ కాలంలోకే.

అందుకే 2011 మార్చిలో ఫలితం అంత తొందరగా తేలింది. 'లూజర్ లైక్ మీ' తొలి వారంలోనే రెండు లక్షలకు పైగా డౌన్‌లోడ్లతో హాట్ 100లో 6వ స్థానంలో దిగింది. 'గెట్ ఇట్ రైట్' 16లో నిలిచింది. అరువు గొంతుకే అలవాటు పడిన అభిమానులు సొంత గొంతునూ ఆదరిస్తారని తేలిపోయింది. ఆ సీజన్ చివర న్యూయార్క్‌లో జరిగే జాతీయ పోటీకి మళ్లీ రెండు కొత్త పాటలు, 'ప్రిటెండింగ్', 'లైట్ అప్ ద వరల్డ్' తయారయ్యాయి. అంతమాత్రాన గ్లీ కవర్లను వదల్లేదు, చివరిదాకా అవే ఎక్కువ.

ఆ దారిలో ఇంకో చిక్కు కూడా బయటపడింది. 2013 జనవరిలో గ్లీ పాడిన 'బేబీ గాట్ బ్యాక్' అనే ర్యాప్ పాట కవర్‌లోని వరస తాను కట్టిందేనని జొనాథన్ కౌల్టన్ అనే గాయకుడు చెప్పాడు. ఆయన కూడా ఆ ర్యాప్ పాటను లైసెన్స్ తీసుకునే మెత్తటి గిటార్ పాటగా మార్చి పాడాడు. కానీ కవర్ పాడినవాడికి తన మార్పుల మీద హక్కు దక్కడం అక్కడి చట్టంలో చాలా కష్టం. ఆయన తన పాత రికార్డింగునే గ్లీ కవర్‌కు కవర్ అంటూ మళ్లీ అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బు దానధర్మాలకు ఇచ్చాడు. చట్టం ఏమన్నా సరే, ఆయన పేరు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

గ్లీ తర్వాత వచ్చిన సీరియళ్లు మొదటి రోజు నుంచే సొంత పాటలతో దిగాయి. 2012లో 'స్మాష్' న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేకు చెందిన రచయితలు మార్క్ షైమన్, స్కాట్ విట్మన్‌లను తెచ్చుకుంది. 2015లో మొదలైన 'క్రేజీ ఎక్స్-గర్ల్‌ఫ్రెండ్' నాలుగు సీజన్లలో 150కి పైగా పాటలు కట్టింది. వాటి రచయితల్లో రేచల్ బ్లూమ్ ఒకరు, ప్రధాన పాత్ర వేసిందీ ఆమే. పాడే మనిషీ రాసే మనిషీ ఒకరే కావడంతో అక్కడ పాటకూ పాత్రకూ మధ్య అతుకు కనిపించదు.

గ్లీ కూడా చివరికి అటే వచ్చింది. 2015 మార్చి 20న ప్రసారమైన ఆఖరి ఎపిసోడ్‌లో రేచల్ పాడే 'దిస్ టైమ్'ను రాసింది, సీరియల్‌లో బ్లెయిన్ వేషం వేసిన డారెన్ క్రిస్. ఆ పాటకు ఎమ్మీ నామినేషన్ వచ్చింది.

ఇంకో నాలుగేళ్లకు, 2019 నవంబరులో, హై స్కూల్ మ్యూజికల్ పేరు మీదే డిస్నీ ప్లస్‌లో ఒక సీరియల్ మొదలైంది. ప్రధాన పాత్ర వేసిన ఒలీవియా రోడ్రిగోకు అప్పుడు 16 ఏళ్లు. ఆమె సొంతంగా పాటలు రాసుకుంటుందని తెలిసి, కథలో ఆమె పాత్ర పియానో ముందు కూర్చుని పాడుకోవడానికి ఒక పాట రాయమని షో నడిపే టిమ్ ఫెడర్లీ అడిగాడు. ఆమె రాసిచ్చిన 'ఆల్ ఐ వాంట్' హాట్ 100లో 90వ స్థానం దాకానే వెళ్లింది. దాని రచయితల పట్టీలో ఉన్నది ఆమె పేరొక్కటే.