వైఫై దగ్గర ఆగిపోయే స్వేచ్ఛ

కొత్త ల్యాప్‌టాప్‌లో ట్రిస్కెల్ వేస్తే చాలాసార్లు వైఫై రాదు. ట్రిస్కెల్ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఆపరేటింగ్ సిస్టం. సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రూపం) బయటపెట్టని వైఫై ఫర్మ్‌వేర్‌ను, అంటే వైఫై చిప్‌ను నడిపే ప్రోగ్రాంను, అందులో పెట్టరు. ఇక్కడ స్వేచ్ఛ అంటే ఉచితం కాదు, కోడ్ చదివి, మార్చుకుని, పంచుకునే హక్కు. ఇంగ్లీషులో రెండింటికీ 'ఫ్రీ' అనే అంటారు, మన భాషలో రెండూ వేరు మాటలు కావడం మన అదృష్టం. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఆ మాటనే పేరుగా పెట్టుకుంది.

ఈ గొడవ ఒక ప్రింటర్‌తో మొదలైంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ఏఐ ల్యాబ్‌కు జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాం మార్చుకున్నారు. కొత్తదానికి ఆ వీలు లేదు, సోర్స్ కోడ్ ఇవ్వలేదు. కోడ్ ఉన్న కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు.

1983 సెప్టెంబర్ 27న స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంను ప్రకటించారు. మరుసటి జనవరిలో ఉద్యోగం మానేసి పనిలో దిగారు. ఎడిటర్, కంపైలర్, షెల్ వచ్చాయి. హార్డ్‌వేర్‌ను నడిపే అసలు భాగమైన కెర్నెల్ రాలేదు. 1990లో మొదలైన గ్నూ కెర్నెల్ హర్డ్‌లో సర్వర్లనే చిన్న చిన్న ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి సందేశాలతో మాట్లాడుకుంటాయి. అందులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే పెద్ద పని అయింది. ఈలోగా 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నెల్ విడుదల చేశారు. 1992లో అది గ్నూ వారి స్వేచ్ఛా లైసెన్స్ జీపీఎల్ కిందికి వచ్చింది.

తర్వాత కొన్నేళ్లకే లినక్స్‌లోకి సోర్స్ లేని ఫర్మ్‌వేర్ ముక్కలు చేరాయి. చిప్ వివరాలు చెప్పకుండా, మూసేసిన ఫైలు చేతిలో పెట్టడం కంపెనీలకు అలవాటైంది. వాటిని ఏరేసి ఇచ్చే కెర్నెలే లినక్స్-లిబ్రే. లినక్స్‌తో నడిచే మరో ఆపరేటింగ్ సిస్టం డెబియన్ మాత్రం 2022లో ఓటింగ్ పెట్టి, అలాంటి ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి అనుమతించింది. నాకు బాధగా ఉన్నా తప్పుపట్టలేను. చూపులేనివారికి ఇన్‌స్టాలర్ చదివి వినిపించాలంటే కొన్ని మెషీన్లలో సౌండ్ చిప్‌కే ఆ ఫైలు కావాలి. తప్పు ఆ ఫైలును మూసిపెట్టినవాళ్లది.

ఆపరేటింగ్ సిస్టంకు ఇంకా కింద, ఇంటెల్ చిప్‌లలో విడిగా నడిచే చిన్న కంప్యూటర్ లాంటి ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఉంది. దాని ఫర్మ్‌వేర్‌ను పూర్తిగా తీసేస్తే చాలా మెషీన్లు దాదాపు 30 నిమిషాల్లో ఆగిపోతాయి. అందుకే పూర్తి స్వేచ్ఛ కోరేవాళ్లు 2008లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్200 లాంటి పాత ల్యాప్‌టాప్‌లను వెతికి కొంటారు. వాటిలో దాన్ని మొత్తంగా తీసేయొచ్చు.