టర్నిప్ దీపం, బంతిపూల దారి: హాలోవీన్ అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్‌లో పర్యాటకులకు గైడుగా పనిచేస్తున్నాను. అక్టోబరు నెలాఖరులో వచ్చే తెలుగు కుటుంబాలు చాలావరకు అమెరికాలోని బంధువులు పంపిన వేషాల, గుమ్మడికాయ దీపాల ఫొటోలను చూసి, హాలోవీన్ అంటే అదేనని అనుకుని వస్తాయి. వారి నుంచి ఏటా వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నేను చెప్పే సమాధానాలు ఇవి.

అపోహ: హాలోవీన్ అమెరికా పండుగ.

కాదు, ఐర్లండ్, స్కాట్లండ్‌ల నుంచి అమెరికాకు వలస వెళ్లిన పండుగ. ఇక్కడి పాత లెక్క ప్రకారం అక్టోబరు 31న పొద్దు గుంకడంతో కోతల కాలం ముగిసి చలికాలం మొదలవుతుంది. ఆ సంధికాలం పేరు సావిన్. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య అడ్డు తొలగిపోతుందని నమ్మేవారు. సావిన్ అంటే మృత్యుదేవత అని కొందరు రాస్తుంటారు, అది పొరపాటు. ఐరిష్ భాషలో నవంబరు నెలను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువుకు తాళలేక లక్షలమంది ఓడలెక్కి అమెరికా చేరారు. వారి వెంట ఈ ఆచారాలూ వెళ్లాయి.

ముఖం చెక్కి లోపల దీపం పెట్టే గుమ్మడికాయ అమెరికాలో దొరికినది. ఇక్కడివారు చెక్కినది టర్నిప్ దుంపను. మేయో కౌంటీలో పల్లె జీవితాన్ని చూపే జాతీయ మ్యూజియం ఉంది. డొనెగల్ ప్రాంతంలో చెక్కిన ఒక టర్నిప్ దీపానికి తీసిన ప్లాస్టర్ అచ్చును అందులో చూడవచ్చు. లోతుకు పోయిన కళ్లు, పళ్లు బయటపెట్టిన నోరు, ముడతలు పడిన ముసలి ముఖం. నవ్వు ముఖాల గుమ్మడికాయలకు అలవాటు పడిన పిల్లలు దాని ముందు మాట లేకుండా నిలబడిపోతారు. టర్నిప్‌ను చెక్కడం తేలిక కాదు. పచ్చి దుంప చెక్కలా గట్టిగా ఉంటుంది, మామూలు చెంచాతో తొలిస్తే చెంచానే వంగుతుంది. లోపల కొవ్వొత్తి వెలిగించాక, దుంప కమురుతున్న వాసన గదంతా నిండుతుంది. నాకు హాలోవీన్ అంటే ఆ వాసనే.

ఆ రోజు ఇళ్లలో తినే ఎండుద్రాక్షల రొట్టె పేరు బార్మ్‌బ్రాక్. పూర్వం అందులో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక వంటివి దాచేవారు. ఉంగరం వచ్చినవారికి ఏడాదిలో పెళ్లి, నాణెం వస్తే సంపద, పీలిక వస్తే పేదరికం. ఇప్పటికీ దుకాణంలో కొన్న రొట్టెలో ఉంగరం ఉంటుంది.

అపోహ: ఎక్కడైనా పిల్లలు తలుపు తట్టి మిఠాయిలు అడుగుతారు.

స్కాట్లండ్‌లో ఊరికే ఇవ్వరు. వేషం కట్టిన పిల్లలు పాటో పద్యమో వినిపించాలి, లేదా హాస్యపు ముక్క ఒకటి చెప్పాలి. అప్పుడే పళ్లూ, వేరుశనగల్లాంటి గింజలూ చేతికి వస్తాయి. దీన్ని గైజింగ్ అంటారు. పగటివేషాలు చూసిన తరానికి దీన్ని వివరించనక్కర్లేదు. స్వీడన్‌లో పిల్లలు మంత్రగత్తెల వేషాలతో ఇల్లిల్లూ తిరిగేది ఈస్టరుకు. సిసిలీలోనైతే నవంబరు 2 ఉదయానికి చనిపోయిన తాతలు, నాయనమ్మలే పిల్లలకు కానుకలు తెచ్చిపెడతారని చెబుతారు.

అపోహ: మెక్సికోవారి మృతుల దినం వాళ్ల హాలోవీన్.

నన్ను బాగా నొప్పించే మాట ఇది. అక్కడ ఆ రోజుల్లో భయానికి చోటు లేదు. పోయినవారు ఇంటికి చుట్టంచూపుగా వస్తారు. నవంబరు 1 పిల్లలకు, 2 పెద్దలకు. పీఠం మీద వారి ఫొటోలు, గ్లాసుడు నీళ్లు, ఉప్పు, బతికుండగా ఇష్టపడిన వంటకాలు ఉంచుతారు. గుమ్మం నుంచి పీఠం దాకా బంతిపూల రేకులు పరుస్తారు. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని ఆత్మలు దారి పోల్చుకుంటాయట. మనం దసరాకు గుమ్మాలకు కట్టే బంతి పుట్టిల్లు మెక్సికోనే. యునెస్కో ఈ ఆచారాన్ని 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మెక్సికో నగరంలో జరిగే భారీ ఊరేగింపు మాత్రం పాతది కాదు. 2015లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో అలాంటి దృశ్యం చూపాక, 2016లో దాన్ని మొదలుపెట్టారు.

అపోహ: ఇది సైతాను పండుగ.

ఈ మాట చర్చికి వెళ్లే మన కుటుంబాల నుంచే ఎక్కువగా వింటాను. కానీ హాలోవీన్ అన్న పేరే చర్చి ఇచ్చినది. సకల పరిశుద్ధుల పండుగ నవంబరు 1న వస్తుంది, దానికి ముందురోజు సాయంకాలం అని ఆ మాటకు అర్థం. మర్నాడు, అంటే 2న, మరణించిన విశ్వాసులందరికోసం ప్రార్థిస్తారు. పోలండ్‌లో ఆ రోజుల్లో రైళ్లూ రోడ్లూ సొంత ఊళ్లకు వెళ్లేవారితో నిండిపోతాయి. సమాధులు కడిగి, చామంతులు పెట్టి, గాజు గిన్నెల్లో దీపాలు వెలిగిస్తారు.

నవంబరు 2న మన ఊళ్లలోనూ సమాధుల పండుగ జరుగుతుంది. సున్నం వేసిన సమాధుల మీద పూలు, వాటి మధ్య కొవ్వొత్తులు, పక్కనే కూర్చుని పోయినవారి కబుర్లు చెప్పుకునే కుటుంబాలు. పోలండ్ శ్మశానాల ఫొటోలు చూపించినప్పుడు, గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశారు. "మా అమ్మ దగ్గర కూడా ఇలాగే పెడతాం బాబూ" అన్నారు.