విదేశీ చదువుకు డబ్బు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు?

2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ శాఖ తన విద్యా మార్పిడి కార్యక్రమాలకు వెళ్లే నిధులను ఉన్నట్టుండి ఆపేసింది. అప్పటికే ఫుల్‌బ్రైట్ లాంటి స్కాలర్‌షిప్పుల మీద పరాయి దేశాల్లో ఉన్నవాళ్లకు వచ్చే నెల స్టైపెండ్ పడుతుందా లేదా అన్న టెన్షన్ పట్టుకుంది. జూన్ వచ్చేసరికి ఫుల్‌బ్రైట్‌ను పర్యవేక్షించే బోర్డు సభ్యులు దాదాపు అందరూ రాజీనామా చేశారు. తాము ఎంపిక చేసిన చాలామంది అభ్యర్థులను ప్రభుత్వం తోసిపుచ్చిందన్నది వాళ్ల అభ్యంతరం.

దాదాపు 80 ఏళ్లుగా నడుస్తున్న, ప్రపంచమంతా గౌరవించే స్కాలర్‌షిప్‌కే ఇలా జరగడం చాలామందిని కలవరపెట్టింది. కానీ ఈ చరిత్రను మొదటి నుంచి చూసుకుంటూ వస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. విదేశీ చదువుకు ఇచ్చే డబ్బు ఏ కాలంలోనూ ఊరికే రాలేదు. అది ఎవరి ఖజానాలోంచి వచ్చింది, ఏ అవసరం కొద్దీ వచ్చింది అన్నదాన్ని బట్టే ఎవరు వెళ్లాలి, ఏం చదవాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్నవి తేలుతూ వచ్చాయి.

చదువు కోసం దేశాలు దాటడం మాత్రం చాలా పాతది. ఏడో శతాబ్దంలో చైనా నుంచి నలందకు వచ్చిన హ్యుయాన్ త్సాంగ్ కథనం ప్రకారం, ఆ విహారం ఖర్చుల కోసం రాజు సుమారు 100 ఊళ్ల ఆదాయాన్ని రాసిచ్చాడు. ఆ ఊళ్ల నుంచి బియ్యం, పాలు, వెన్న రోజూ వచ్చేవి. తిండికోసం వెతుక్కోవాల్సిన పని లేకపోవడం వల్లే అక్కడివాళ్లు చదువులో అంత లోతుకు వెళ్లగలిగారని ఆ కథనం చెబుతుంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు వచ్చిన ఇత్సింగ్ నాటికి ఊళ్ల లెక్క 200 దాటింది. అయితే వీటన్నింటి వెనక ఉన్నది మతం, దానధర్మం. ఒక ప్రభుత్వం తన యువకులను ఎంపిక చేసి, ఖర్చు పెట్టుకుని, ఫలానా చదువు నేర్చుకురమ్మని వేరే దేశపు కాలేజీలకు పంపడం ఆధునిక కాలపు పని. అందులో మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి చైనాది.

యేల్ యూనివర్సిటీలో 1854లో పట్టా పుచ్చుకున్న యుంగ్ వింగ్ అనే చైనీయుడు ఏళ్ల తరబడి అధికారుల వెంటపడి ఒప్పించిన పథకం అది. 1872 నుంచి ఏటా 30 మంది చొప్పున నాలుగేళ్లలో 120 మంది కుర్రాళ్లను అమెరికా పంపారు. వాళ్లు అక్కడి కుటుంబాల ఇళ్లలో ఉంటూ 15 ఏళ్లు చదువుకోవాలన్నది ప్రణాళిక. కానీ పిల్లలు జడలు కత్తిరించుకుంటున్నారనీ, క్రైస్తవం వైపు మొగ్గుతున్నారనీ, బేస్‌బాల్ ఆటల్లో పడిపోయారనీ రాజధానికి ఫిర్యాదులు వెళ్లాయి. అమెరికా సైనిక విద్యాసంస్థలు వాళ్లను చేర్చుకోవడానికి నిరాకరించడం ఇంకో దెబ్బ. 1881లో అందరినీ వెనక్కి పిలిపించారు. ఎక్కువమంది చదువు మధ్యలోనే ఆగిపోయింది. అదే ఏడాది యేల్‌లో ఇంజనీరింగ్ ముగించగలిగిన జాన్ తియాన్‌యో మాత్రం తర్వాతి కాలంలో బీజింగ్ నుంచి ఝాంగ్‌జియాకోకు కొండల మధ్యగా రైలుమార్గం వేశాడు. విదేశీ ఇంజనీర్ల సాయం లేకుండా చైనా కట్టుకున్న ఆ మార్గం 1909లో పూర్తయింది. సగంలో తెగ్గొట్టిన పథకమే ఇంత ఇచ్చిందంటే, పూర్తిగా నడవనిచ్చి ఉంటే ఏమయ్యేదో అని మనసు కష్టపడుతుంది.

వెనక్కి పిలిపించిన ఆ కుర్రాళ్లలో లియాంగ్ చెంగ్ కూడా ఉన్నాడు. ఆయన మళ్లీ ఈ కథలోకి చైనా రాయబారిగా వస్తాడు. 1900లో విదేశీయులకు వ్యతిరేకంగా చైనాలో లేచిన బాక్సర్ తిరుగుబాటును ఎనిమిది దేశాల సైన్యాలు అణచివేసి, మరుసటి ఏడాది చైనా మీద 45 కోట్ల తైల్ (పాత చైనా తూకం) వెండి పరిహారం మోపాయి. అప్పటి జనాభా లెక్కన తలకు ఒక తైల్. దాన్ని వడ్డీతో సహా 39 ఏళ్లు కట్టాలి. అమెరికా తన నష్టం కంటే ఎక్కువే రాయించుకుందని వాషింగ్టన్‌లో ఉన్న లియాంగ్ చెంగ్ పట్టు విడవకుండా వాదించాడు. చివరికి 1908లో ఆ మిగులును తిరిగివ్వడానికి అమెరికా ఒప్పుకుంది. ఆ సొమ్మును రైళ్లకు, గనులకు వాడుకోవాలని చైనా అధికారుల్లో కొందరు అనుకున్నారు. అమెరికా మాత్రం చదువుకే వాడాలని పట్టుబట్టింది. అంతకు రెండేళ్ల ముందే ఇల్లినాయ్ యూనివర్సిటీ అధ్యక్షుడు ఎడ్మండ్ జేమ్స్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఒక లేఖ రాశాడు. చైనా యువతరానికి చదువు చెప్పే దేశానికే రేపు అక్కడ మేధాపరంగా, వ్యాపారపరంగా పలుకుబడి దక్కుతుందన్నది దాని సారాంశం. స్కాలర్‌షిప్పు వెనక ఉన్న లెక్కను ఇంత సూటిగా కాగితం మీద పెట్టిన సందర్భాలు చాలా తక్కువ.

ఆ సొమ్ముతో ఇచ్చే స్కాలర్‌షిప్‌కు 1909లో జరిగిన మొదటి పరీక్షకు 630 మంది కూర్చుంటే 47 మంది ఎంపికయ్యారు. మరుసటి ఏడాది ఎంపికైన 70 మందిలో 55వ స్థానం హు షి అనే కుర్రాడిది. వెళ్లేవాళ్లలో 80 శాతం మంది వ్యవసాయం, గనులు, ఇంజనీరింగ్ లాంటి పనికొచ్చే చదువులే చదవాలన్నది నిబంధన. హు షి కార్నెల్‌లో వ్యవసాయ కోర్సులో చేరాడు. అక్కడ ఒక ల్యాబ్ క్లాసులో ముందు ఆపిల్ పళ్లు పోసి, ఏది ఏ రకమో పోల్చి పేర్లు రాయమన్నారు. తోటల మధ్య పెరిగిన అమెరికన్ విద్యార్థులు చకచకా రాసేసి వెళ్లిపోయారు. హు షి మాత్రం పుస్తకం తిరగేస్తూ గంటల తరబడి కూర్చున్నా అన్నీ పోల్చలేకపోయాడు. ఇది తన చదువు కాదని అప్పుడే అర్థమైంది. తత్త్వశాస్త్రానికి మారి, 1915లో కొలంబియా యూనివర్సిటీలో అమెరికన్ తత్త్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర చేరాడు. చైనాలో పండితుల భాష స్థానంలో జనం మాట్లాడే భాషలో రాయాలన్న ఉద్యమానికి ముందు నిలిచింది ఆయనే. డబ్బిచ్చినవాళ్లు కోరిన వ్యవసాయ శాస్త్రవేత్త మాత్రం తయారు కాలేదు.

అదే సమయంలో, అదే కొలంబియాలో, అదే డ్యూయీ పాఠాలు వింటూ ఇంకో విద్యార్థి ఉన్నాడు. ఆయన భీమ్‌రావ్ అంబేడ్కర్. బరోడా మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అక్కడికి వెళ్లారు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని బాండ్ రాసిచ్చారు. ఇద్దరికీ గురువు ఒక్కరే, డబ్బు మాత్రం రెండు వేర్వేరు దారుల్లో వచ్చింది. గడువు తీరడంతో అంబేడ్కర్ లండన్ చదువును మధ్యలో వదిలి 1917లో తిరిగి వచ్చారు. బాండ్ ప్రకారం బరోడా వెళితే, అంటరానివాడన్న కారణంతో ఉండటానికి ఇల్లు కూడా దొరకలేదు. అమెరికా యూనివర్సిటీలో చదివొచ్చిన మనిషిని బస చేసిన చోటు నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. స్కాలర్‌షిప్ ఇచ్చిన రాజుకు మంచి మనసుంది, కానీ తిరిగొచ్చిన విద్యార్థికి ఆ ఊళ్లో చోటు లేదు. నిబంధనలు రాసేటప్పుడు వెళ్లే మనిషి గురించి ఆలోచించినంతగా, అతను తిరిగి అడుగుపెట్టే చోటు గురించి ఆలోచించరు. ఇప్పటి పథకాల్లోనూ ఎక్కువగా ఈ లోటే కనిపిస్తుంది.

ఇంకా ముందు నుంచే ఉన్న రోడ్స్ స్కాలర్‌షిప్‌ది వేరే దారి. దక్షిణాఫ్రికా వజ్రాల గనుల్లో సంపాదించిన సెసిల్ రోడ్స్ తన వీలునామా ద్వారా 1902లో దాన్ని ఏర్పాటు చేశాడు. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల కాబోయే నాయకులంతా ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి పెరగాలన్నది ఉద్దేశం. జాతి, మతం కారణంగా ఎవరినీ కాదనకూడదని వీలునామాలో ఉంది. అయినా 1907లో ఎంపికైన నల్లజాతి అమెరికన్ అలైన్ లాక్‌ను చాలా కాలేజీలు చేర్చుకోలేదు. ఆయన తర్వాత ఇంకో నల్లజాతి అమెరికన్‌కు ఈ స్కాలర్‌షిప్ రావడానికి 1960ల దాకా పట్టింది. మహిళలకైతే 1977 దాకా తలుపే తెరవలేదు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆలోచన కొంత మారింది. దేశాలు ఒకదాన్నొకటి తెలుసుకోకపోవడం వల్లే ఇంత రక్తపాతం జరిగిందన్న నమ్మకం బలపడింది. అమెరికాలో 1919లో అంతర్జాతీయ విద్యా సంస్థ, జర్మనీలో 1925లో విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) పుట్టాయి. 1923లో డెలావేర్ యూనివర్సిటీ ఎనిమిది మంది విద్యార్థులను ఓడ ఎక్కించి ఫ్రాన్స్ పంపింది. ఒక ఏడాది బయట చదివి, ఆ చదువును సొంత డిగ్రీలో కలుపుకునే పద్ధతికి అది ఆరంభం. ఆ ఆలోచన ఇచ్చిన, అక్కడ ఫ్రెంచ్ భాష బోధించే ప్రొఫెసర్ రేమండ్ కిర్క్‌బ్రైడ్ ఆ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడే.

రెండో యుద్ధం ముగిశాక ఫుల్‌బ్రైట్ వచ్చింది. అమెరికా సైన్యం పలు దేశాల్లో జీపులు, లారీలు, ఆస్పత్రి సామాన్లు గుట్టలుగా వదిలేసింది. వెనక్కి తెచ్చుకోవడం దండగ. కొనుక్కునే దేశాల దగ్గర డాలర్లు లేవు. అర్కన్సా సెనెటర్ విలియం ఫుల్‌బ్రైట్, తానే ఒకప్పటి రోడ్స్ విద్యార్థి, ఇక్కడొక దారి కనిపెట్టాడు. ఆ దేశాలు స్థానిక కరెన్సీలోనే చెల్లించవచ్చు, ఆ సొమ్మును విద్యార్థుల, అధ్యాపకుల మార్పిడికి ఖర్చు చేద్దాం అన్నాడు. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో అది చట్టమైంది. మొదటి ఒప్పందం 1947లో చైనాతో, భారత్‌తో 1950లో కుదిరాయి.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఆ సొమ్ము స్థానిక కరెన్సీ కాబట్టి ఆ దేశంలోనే ఖర్చవుతుంది. అక్కడికి వెళ్లే అమెరికన్ ప్రొఫెసర్‌కు జీతం, ఇంటద్దె ఇవ్వొచ్చు. అటు నుంచి అమెరికా వెళ్లే విద్యార్థికి మాత్రం ఓడ టికెట్ కొనివ్వగలదు గానీ అమెరికాలో ఫీజు కట్టలేదు. అందుకే మొదట్లో విదేశీ విద్యార్థులు ప్రయాణ ఖర్చు ఫుల్‌బ్రైట్ నుంచి సంపాదించుకున్నా, ఫీజు మాఫీ కోసం అమెరికన్ యూనివర్సిటీలను విడిగా అడుక్కోవాల్సి వచ్చింది. ట్రావెల్ గ్రాంటు ఒకరిది, ట్యూషన్ మాఫీ ఇంకొకరిది, స్టైపెండ్ మరొకరిది అన్న అతుకుల పద్ధతి ఇప్పటికీ చాలా స్కాలర్‌షిప్పుల్లో కొనసాగుతోంది. అమ్ముడుపోయిన సామాను డబ్బు అయిపోయాక ఫుల్‌బ్రైట్ ఏటా బడ్జెట్ కేటాయింపుల మీద ఆధారపడింది. అప్పటి నుంచి ప్రభుత్వం మారితే అది ఊగుతుంది. 2020 జులైలో అమెరికా ఒక్క ఉత్తర్వుతో చైనా, హాంకాంగ్‌లతో ఫుల్‌బ్రైట్‌ను ముగించేసింది. మొట్టమొదటి ఒప్పందం కుదిరింది చైనాతోనే.

ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో కొత్తగా స్వతంత్రమైన దేశాల యువతకు అటునుంచీ ఇటునుంచీ ఆహ్వానాలు వచ్చాయి. సోవియట్ యూనియన్ 1960లో మాస్కోలో ప్రజా మైత్రీ విశ్వవిద్యాలయం తెరిచింది. కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు అదే సమయంలో మొదలయ్యాయి. కెన్యా నాయకుడు టామ్ మబోయా అమెరికాలో చందాలు పోగుచేసి 1959లో 81 మంది విద్యార్థులను విమానంలో పంపాడు. మరుసటి ఏడాది ఆ దారిలో కాన్సస్ వెళ్లిన వంగారి మాతాయ్‌కి 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

1980 నుంచి విదేశీ విద్యార్థి స్థానమే మారిపోయింది. ఆ ఏడాది బ్రిటన్ విదేశీయుల నుంచి చదువుకయ్యే పూర్తి ఖర్చును ఫీజుగా వసూలు చేయడం మొదలుపెట్టింది. పాత వలస దేశాల నుంచి తీవ్రంగా నిరసన వచ్చింది. 1983లో బ్రిటిష్ విదేశాంగ శాఖ పెట్టిన అవార్డులే 1994లో చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్పులు అన్న పేరు తెచ్చుకున్నాయి. ఆస్ట్రేలియా కూడా అదే దారి పట్టింది. అంతవరకు అతిథిగా వచ్చిన విద్యార్థి ఇప్పుడు యూనివర్సిటీ ఆదాయంలో ఒక పద్దు అయ్యాడు. యూనెస్కో లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో దాదాపు 69 లక్షల మంది సొంత దేశం వదిలి చదువుతున్నారు. వాళ్లలో అత్యధికులు సొంత డబ్బుతోనో అప్పుతోనో వెళ్లినవాళ్లే. ఈరోజు యూనివర్సిటీలు ప్రకటించే పాక్షిక స్కాలర్‌షిప్పుల్లో చాలావరకు భారీ ఫీజులో తగ్గింపులే. పూర్తి ఖర్చు భరించే పాత తరహా స్కాలర్‌షిప్‌తో వీటిని కలిపి చూస్తే కుటుంబాలు నష్టపోతాయి.

డబ్బు దొరికినా చదివిన చదువును సొంత యూనివర్సిటీ గుర్తించకపోతే? 1958లో ఇటలీ అమ్మాయి సోఫియా కొరాడి ఫుల్‌బ్రైట్ మీద కొలంబియాలో మాస్టర్స్ చేసి రోమ్ తిరిగొచ్చింది. అక్కడి పరీక్షలను తన డిగ్రీలో కలపమని అడిగితే అధికారి అవమానించి పంపేశాడు. ఏళ్లపాటు ఆమె నడిపిన పోరాటం, ఇతరుల కృషి కలిసి 1987లో యూరప్ దేశాల విద్యార్థి మార్పిడి పథకం ఎరాస్మస్ అయింది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఇప్పటికి ఆ సంఖ్య కోటి దాటింది. డబ్బు కంటే దాని వెనక ఉన్న కాగితమే గొప్పదని నేను గట్టిగా నమ్ముతాను. బయల్దేరే ముందే ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లో విద్యార్థి, రెండు యూనివర్సిటీలు సంతకాలు చేస్తాయి. ఏడాదికి 60 క్రెడిట్లు. తిరిగొచ్చాక బతిమాలుకునే అవసరం లేదు. అయితే రాజకీయాలు ఇక్కడా వదల్లేదు. వలసల మీద జరిగిన రెఫరెండం తర్వాత 2014లో స్విట్జర్లాండ్, బ్రెగ్జిట్‌తో బ్రిటన్ ఆ పథకానికి దూరమయ్యాయి.

యూరప్ బయట ఇంత గట్టి ఏర్పాటు లేదు. డిగ్రీల గుర్తింపుపై యూనెస్కో 2019లో ఆమోదించిన ప్రపంచ ఒప్పందం 2023 మార్చిలోనే అమల్లోకి వచ్చింది. మిగతా చోట్ల రెండు యూనివర్సిటీల మధ్య ఎంవోయూలే ఆధారం. వాటిలో సాధారణంగా విద్యార్థి సొంత యూనివర్సిటీకే ఫీజు కడతాడు, అవతలివాళ్లు ఫీజు అడగరు. విమాన టికెట్, అద్దె, వీసా, ఇన్సూరెన్స్ అతనివే. ఈ పద్ధతి నిలబడాలంటే వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకవైపు నుంచి పదిమంది వెళ్లి, అటునుంచి ఇద్దరే వస్తే, అవతలి యూనివర్సిటీ మరుసటి ఏడాది సీట్లు తగ్గిస్తుంది. వేదిక మీద సంతకాలు చేసిన ఒప్పందాల్లో చాలావరకు నాలుగైదేళ్లకు కాగితాలకే పరిమితం కావడానికి పెద్ద కారణం ఇదే. తన యూనివర్సిటీకి ఫలానా దేశంతో ఒప్పందం ఉందని విన్న విద్యార్థి, గత ఏడాది ఆ ఒప్పందం మీద నిజంగా ఎంతమంది వెళ్లారో అంతర్జాతీయ వ్యవహారాల ఆఫీసులో అడగాలి. వాళ్ల క్రెడిట్లు తిరిగొచ్చాక మార్కుల జాబితాలో చేరాయో లేదో కూడా అక్కడే తేలుతుంది.