ఇంకో నాలుగు చుట్లు టేపు వేస్తే లీకు ఆగుతుందా? ప్లంబింగ్ పనిలో అపోహలు - వాస్తవాలు

"లీకవుతోందా? ఇంకో నాలుగు చుట్లు టేపు వేయండి." టేపు అంటే పైపు మరల మీద చుట్టే పల్చటి టెఫ్లాన్ టేపు. పనికి వెళ్లిన చోటల్లా ఈ సలహా ఎవరో ఒకరి నోట వినాల్సిందే. పక్కింటివాళ్లు చెబుతారు, వీడియోలు చూసిన కుర్రాళ్లు చెబుతారు, ఆఖరికి సామాను అమ్మేవాళ్లూ చెబుతారు. అప్పటికే ఒకరు సగం రోల్ చుట్టేసి, పైపు రెంచి మీద వేలాడి బిగించేసి ఉంటారు. ఎల్బో (పైపు మలుపు దగ్గర వేసే వంపు ముక్క) పగిలాక నాకు ఫోన్ వస్తుంది. బ్రేజింగ్ (రాడ్ కరిగించి రాగి గొట్టాలు అతికించడం) గురించి, సిలిండర్ గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ల గురించి కూడా అపోహలు బోలెడున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. జనం జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నది మాత్రం ఈ టేపు పిచ్చే.

అపోహ: మర కనిపిస్తే టేపు చుట్టాల్సిందే.

టేపు పనికొచ్చేది టేపర్ మరలకు మాత్రమే. ఒక ఇనుప నిపుల్ (రెండు కొసలా మరలున్న చిన్న పైపు ముక్క) చేతిలోకి తీసుకుని చూడండి, మరలు కొసవైపు కాస్త సన్నబడుతూ ఉంటాయి. బిగించేకొద్దీ మరలో మర ఇరుక్కుంటుంది, ఇంకా మిగిలిపోయిన సందుల్ని టేపో పేస్టో నింపుతుంది. సీలు పడేది అక్కడే కాబట్టి సీలెంట్ కూడా అక్కడే ఉండాలి. షవర్ హోస్ నట్టు, వాష్ బేసిన్ కింద కనెక్షన్ పైపు నట్టు అలా కాదు. వాటి మరలు పొడవునా ఒకే లావుగా ఉంటాయి. లోపలున్న వాషర్‌నో ఓ-రింగ్ అనే రబ్బరు వలయాన్నో నొక్కిపట్టడమే ఆ నట్టు పని. ఫ్లేర్ నట్టు అయితే విచ్చుకున్న రాగి గొట్టం అంచును ఇత్తడి కోను మీద కూర్చోబెడుతుంది. కంప్రెషన్ ఫిట్టింగులో ఇత్తడి రింగు గొట్టాన్ని కరిచి పట్టుకుంటుంది. ఇలాంటి జాయింట్లు సరిగ్గా ఉంటే నీళ్లుగానీ గ్యాస్‌గానీ మరల దాకా రానే రావు. వచ్చాయంటే వాషరో, అది ఆనే సీటో పాడైందన్నమాట. మరల మీద ఎంత టేపు చుట్టినా ఆ లోపం పోదు.

ఒక ఇంట్లో గీజర్ హోస్ దగ్గర వారాల తరబడి చుక్కలు పడుతున్నాయి. నాకంటే ముందు వచ్చినవాళ్లంతా పాత టేపు మీదే కొత్త టేపు చుట్టుకుంటూ పోయారు. నేను వెళ్లేసరికి ఆ టేపు ఎంత మందమైందంటే, నట్టు మరలోనే బిగుసుకుపోయి వాషర్ దాకా చేరడం లేదు. బయటికి మాత్రం రాయిలా బిగిసినట్టే కనిపిస్తోంది. నట్టు విప్పితే వాషర్ ఒక పక్కకు మడతపడి ఉంది. టేపంతా గీకి పారేసి, కొత్త వాషర్ వేసి, చేత్తో తిప్పి, పైన స్పానర్‌తో పావు చుట్టు వేస్తే ఆగిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి, "గోడ పగలగొట్టాలా బాబూ?" అని అడుగుతూనే ఉన్నారు. గోడలో పైపు పోయిందని ఎవరో భయపెట్టారట. "అక్కర్లేదమ్మా, వాషర్ ఒక్కటే" అంటే ఆవిడకు నమ్మకం కుదరలేదు. కింద పొడి కాగితం పరిచి, కాసేపయ్యాక దాని మీద చుక్క పడలేదని చూపిస్తేగానీ టెన్షన్ తగ్గలేదు. ఆవిడ భయపడటంలో తప్పేముంది? ఏమీ చూడకుండానే గోడ మీదికి నెట్టేసినవాళ్లను అనాలి.

టేపు ఎక్కువైతే జరిగే ఇంకో నష్టం ప్లాస్టిక్ ఫిట్టింగులకు. ప్లాస్టిక్ ఫిమేల్ మరలోకి (అంటే లోపలివైపు ఉండే మర; బయటివైపు ఉంటే మేల్) టేపు దట్టంగా చుట్టిన ఇత్తడి నిపుల్‌ను ఎక్కిస్తే, లోపలి నుంచి మేకు దిగుతున్నట్టే. బిగించిన రోజు ఏమీ కాదు. ఒత్తిడి అలాగే ఉండి ఉండి, తర్వాతెప్పుడో నిలువునా చీలుతుంది, అదీ సాధారణంగా గోడ పూడ్చి టైల్స్ వేశాక. అందుకే మరల కోసం లోపల ఇత్తడి వేసిన ఫిట్టింగ్ వాడండి, లేదా ప్లాస్టిక్ మేల్‌ను లోహపు ఫిమేల్‌లోకి ఎక్కించండి. పేస్టు విషయంలోనూ జాగ్రత్త కావాలి. కొన్ని పేస్టుల్లోని ద్రావకాలు ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి. గాలి తగలని చోట గట్టిపడే అనెరోబిక్ సీలెంట్‌కు రెండు వైపులా లోహం ఉండాలి. ప్లాస్టిక్ మీద అది సరిగ్గా గట్టిపడదు, పైగా ప్లాస్టిక్‌కు పగుళ్లు తెస్తుంది. డబ్బా మీద ప్లాస్టిక్‌కు పనికొస్తుందని రాసి ఉంటేనే ముట్టుకోండి.

టేపుతో కప్పిపుచ్చే మరో తప్పు మరల జాతి కలవకపోవడం. లోకంలో పైపు మరలు ప్రధానంగా రెండు రకాలు. బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్‌పీ మర కోణం 55 డిగ్రీలు, అమెరికన్ ప్రమాణమైన ఎన్‌పీటీది 60 డిగ్రీలు. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే. అందుకే ఒకదాంట్లో ఇంకోటి కొన్ని చుట్లు ఎక్కుతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ మరల ముఖాలు ఒకదానికొకటి ఆనవు. అంగుళం సైజులో బీఎస్‌పీకి 11, ఎన్‌పీటీకి 11.5 కాబట్టి అక్కడ త్వరగా బయటపడుతుంది. టేపు లేకుండా చేత్తో ఎక్కించినప్పుడు మొదటి చుట్లలోనే వదులుగా ఊగినా, పట్టేసినా ఆపేసి మరల గేజి పెట్టి చూడండి. టేపు వేశాక ఆ తేడా చేతికి తెలియదు.

సరే, టేపు నిజంగా కావాల్సిన చోట ఎలా చుట్టాలి? కొస మీవైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి, లేకపోతే బిగించేటప్పుడు ఊడి వచ్చేస్తుంది. మొదటి మరను వదిలేయాలి. సన్న తెల్ల టేపు అయితే నాలుగైదు చుట్లు, గ్యాస్‌కు వాడే మందమైన పసుపు టేపు అయితే రెండు మూడు చాలు. బిగించాక "కొంచెం ఎక్కువైంది" అని వెనక్కి తిప్పకండి. నలిగిన టేపు మళ్లీ ఉబ్బదు. తిప్పితే విప్పి, శుభ్రం చేసి, కొత్తగా చుట్టడమే.

ఈ అలవాటు రెగ్యులేటర్ దాకా పాకినప్పుడు డబ్బుతో పోయే నష్టం కాదు. సిలిండర్ వాల్వుకు రెగ్యులేటర్ తగిలించే చోట సీలు పడేది ఇత్తడి కోను మీదో వాషర్ మీదో. అక్కడ టేపు వేస్తే తెగిన పీచు లోపలికి పోయి రెగ్యులేటర్ లోపల గ్యాస్‌ను ఆపే సీటు మీద కూర్చుంటుంది. అప్పుడు బ్రేజింగ్ మంట వచ్చే టార్చ్ వాల్వులు మూసి ఉన్నా అవుట్‌లెట్ గేజి ముల్లు మెల్లగా పైకి పాకుతుంది. అది చూశారంటే సిలిండర్ మూసేసి ఆ రెగ్యులేటర్ పక్కన పెట్టేయండి. ఆక్సిజన్ దగ్గరైతే ఇంకా కఠినంగా ఉండాలి. టేపు, నూనె, గ్రీజు, జిడ్డు చేతి గుడ్డ ఏవీ దగ్గరికి రాకూడదు. నిండు సిలిండర్‌లో 150 బార్ లేదా అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే గ్రీజు నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. మర గట్టిగా తిరుగుతోందని ఒక కుర్రాడు నూనె డబ్బా తీయబోతే చేయి పట్టుకుని ఆపాను. "ఒక్క చుక్కే కదన్నా" అన్నాడు. చుక్క కూడా వద్దని అక్కడే కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఫ్యూయెల్ గ్యాస్ (మండే గ్యాస్) నట్లకు ఎడమ మరలు ఉంటాయి, అంటే మామూలుకు ఎదురు దిశలో తిప్పితే బిగుస్తాయి, అంచున గాటు కూడా పెడతారు. ఎక్కకపోతే ముందు అది చూసుకోండి, రెంచితో బలవంతం చేయకండి.

మిగతావి గబగబా.

అపోహ: టార్చ్ ఎంత వేడైతే జాయింట్ అంత గట్టి.

బ్రేజింగ్ అంటే 450 డిగ్రీల సెల్సియస్ పైన కరిగే రాడ్‌తో చేసేది. రాగి 1085 దగ్గర తానే కరిగిపోతుంది. చిన్న గొట్టం మీద పెద్ద ఆక్సీ-ఎసిటిలీన్ మంట పెడితే రాడ్ పారేలోపే గొట్టం పోతుంది. గొట్టం సైజును బట్టి మంట ఎంచుకోండి. మంట రాడ్ మీద కాదు, జాయింట్ మీద ఉండాలి. ముందు గొట్టం, తర్వాత ఫిట్టింగ్ వేడెక్కి మసక ఎరుపు తిరిగాక రాడ్ ఆనిస్తే ఆ వేడికే కరిగి సందులోకి లాక్కుంటుంది. బలమంతా లోపల పారిన దాంట్లోనే ఉంటుంది, బయట కుప్ప పోసిన దాంట్లో ఏమీ లేదు. ఫాస్ఫరస్ కలిసిన రాగి రాడ్‌కు రాగి-రాగి జాయింట్లో ఫ్లక్స్ (లోహం మీద తుప్పు పొరను తొలగించే మందు) అక్కర్లేదు, ఇత్తడి వచ్చిందంటే కావాలి. ఇనుము మీద ఆ రాడ్ అసలు వాడొద్దు, జాయింట్ పెళుసుబారుతుంది. వాల్వు పక్కన బ్రేజింగ్ చేస్తుంటే లోపలి రబ్బరు భాగాలు ముందే తీసేసి, తడి గుడ్డ చుట్టండి.

అపోహ: రెగ్యులేటర్ ఏదైనా ఒకటే, మంట తగ్గితే పెద్దది పెట్టుకోవచ్చు.

ఇంటి ఎల్‌పీజీ పొయ్యికి కావాల్సింది సుమారు 30 మిల్లీబార్. టార్చ్ కోసం అమ్మే హై ప్రెజర్ రెగ్యులేటర్ దానికి పదుల రెట్లు వదలగలదు. అలాంటిది పొయ్యికి తగిలించిన ఇళ్లు చూశాను, మంట గిన్నె పక్కల నుంచి పైకి లేస్తుంటే "బాగా వస్తోంది" అని సంతోషపడుతున్నారు. మంట తగ్గితే ముందు బర్నర్ రంధ్రాలు, హోస్ మడతలు చూడండి. రెగ్యులేటర్ మీదున్న చిన్న గాలి రంధ్రానికి టేపు అంటించడం, పెయింట్ పూయడం చేయకండి. లోపలున్న డయాఫ్రమ్ (ఒత్తిడికి కదిలే పల్చటి పొర) పైకీ కిందికీ కదలాలంటే అది తెరిచే ఉండాలి.

అపోహ: సిలిండర్ మీద మంచు పట్టిందంటే లీకే.

చాలామంది దీనికి హడలిపోయి ఫోన్ చేస్తారు. గ్యాస్ వేగంగా వాడుతుంటే లోపలి ద్రవం ఆవిరి కావడానికి సిలిండర్ నుంచే వేడి తీసుకుంటుంది, అందుకే చల్లబడుతుంది. పెద్ద టార్చ్‌కు చిన్న సిలిండర్ పెడితే ఇది మామూలే. దాన్ని మంటతో కాచకండి, పెద్ద సిలిండర్‌కు మారండి. లీకు అనుమానం ఉంటే సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల పక్కన నేను నిలబడను.