కార్డు మీద బొమ్మ

కావలి

పిల్లలందరికీ మీ డ్రాయింగు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో ఏం చెయ్యాలి తాతయ్యా అని అడిగారుగా, ఒక ఆట చెబుతాను. కార్డు మీద బొమ్మ వేసి పోస్టులో ఒకరికి పంపడం, వాళ్ళు ఒకటి వేసి మీకు పంపడం. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెలు మార్చుకుంటారు చూడండి, అలాగే. చేతులు మారాలి గానీ బేరం ఉండకూడదు.

ఇది పిల్లలాటే అనుకోకండి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ అనే పెద్ద చిత్రకారుడు శిష్యులకూ స్నేహితులకూ కార్డుల మీద బొమ్మలేసి పంపేవారు. మన రాజ్యాంగం మూలప్రతిని బొమ్మలతో అలంకరించింది ఆయనా, ఆయన శిష్యులే. అమెరికాలో రే జాన్సన్ అనే ఆర్టిస్టు సగం సగం వేసిన బొమ్మలు పోస్టులో వేసి, 'దీనికి ఏదన్నా కలిపి తిరిగి పంపు' అని రాసేవాడు. జపాన్‌లో పుట్టిన ఆన్ కవారా అనే ఆర్టిస్టు అయితే కార్డుల మీద అసలు బొమ్మే వెయ్యలేదు. 1968 నుంచి 1979 దాకా రోజుకు రెండు పిక్చర్ కార్డుల మీద, ఆవేళ తాను ఎన్నింటికి నిద్ర లేచాడో ముద్ర కొట్టి తెలిసినవాళ్ళకు పంపాడు. మీరా పని చేస్తే ఆ టైములు చూసి మీ అమ్మ ఏమంటుందో నాకు తెలుసు.

ఇలా పోస్టులో వచ్చినవాటితో ఎగ్జిబిషన్లు కూడా పెడతారు. అక్కడి పద్ధతి నాకు భలే నచ్చింది. వచ్చినవన్నీ గోడకెక్కాలి, ఏరివేతలు లేవు, ఫీజు లేదు. పంపిన బొమ్మ మాత్రం తిరిగి రాదు. మీకు కష్టమనిపించేది ఇక్కడే. బాగా కుదిరినదాన్ని దాచుకుని, అంతంతమాత్రంగా వచ్చినదాన్ని పంపాలనిపిస్తుంది. బాగా కుదిరినదాన్నే పంపండి. ముందే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కార్డు చేరేసరికి అవతలివాళ్ళకు కొత్తేముంటుంది?

ఇక రంగుల సంగతి. వాటర్ కలర్ వేస్తే పల్చటి కార్డు వంకర్లు పోతుంది, వానలో తడిస్తే రంగు కారిపోతుంది. ఆయిల్ పేస్టల్ పక్క ఉత్తరాలకు అంటుకుంటుంది. కలర్ పెన్సిళ్ళు, బాల్ పెన్ను చాలు. అడ్రసు ఉండే చోట బొమ్మ వెయ్యొద్దు. పిన్‌కోడ్ ఆరంకెలూ విడివిడిగా రాయండి. 524 అంటే నెల్లూరు వైపు, 523 అంటే ఒంగోలు వైపు.

ఒక్కోసారి పోస్టాఫీసు ముద్ర బొమ్మ మీదే పడుతుంది. టెన్షన్ పడకండి. నా దగ్గర ఉదయగిరి కొండ వేసిన కార్డొకటి ఉంది. కొండ చక్కగా వేశాడు గానీ ఆకాశం బోసిగా వదిలేశాడు. ముద్ర సరిగ్గా శిఖరం పక్కనే, కాస్త అలుక్కుపోయి, గుండ్రంగా పడింది. సూర్యుడు అక్కడే ఉండాలి! నన్నడిగితే వేసినవాడి కంటే కొట్టినవాడే మంచి ఆర్టిస్టు.

మీరు మొదట ఇలా చెయ్యండి. ఒంగోలు గిత్తను తల నుంచి మూపురం దాకా వేసి, ఒంగోలులో ఉన్న మీ పెద్దమ్మ పిల్లలకు పంపండి. మిగతా ఒళ్ళు వాళ్ళు వేస్తారు. నెల్లూరోళ్ళకు మూపురం వెయ్యడం రాదని ఎలాగూ అంటారు. వాళ్ళను తోక వైపు నుంచి ఇంకొకటి మొదలుపెట్టి మీకు పంపమనండి, అప్పుడు మీరూ అనొచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య