పాత పటంలో అగస్టస్ గుడి: ముజిరిస్ వివాదం వెనక ఉన్న కథ

కేరళలో ‘పట్టణం’ అనే ఊరే ప్రాచీన రేవు ముజిరిస్ అవునా కాదా అని అక్కడి తవ్వకాల మీద వాదన చల్లారినట్టే ఉంటుంది, మళ్లీ రాజుకుంటుంది. రాజుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక పాత పటం (రోమన్ దారుల పటం, పొయిటింగర్ పటం అంటారు) ఫొటో బయటికి తీస్తారు. అందులో దక్షిణ భారతం చివర ముజిరిస్ అనే పేరు, దాని దగ్గర ఒక సరస్సు, ఆ పక్కన చిన్న గుడి బొమ్మ కనిపిస్తాయి. బొమ్మ దగ్గర లాటిన్‌లో ‘అగస్టస్ గుడి’ అని రాసి ఉంటుంది. ఇక మొదలు. రోమన్ చక్రవర్తికి మన గడ్డ మీద పూజలు జరిగాయా అని కొందరికి ఆశ్చర్యం. అయితే మనం రోమ్ కింద ఉన్నామంటారా అని కొందరికి కోపం. అసలు గుడీ లేదు, ఏమీ లేదని ఇంకొందరు.

మిరియాలు, ముత్యాలు, రోమన్ బంగారం సంగతి స్కూల్లో చదువుకున్నదే కాబట్టి మళ్లీ చెప్పను. ఈ గుడిని అర్థం చేసుకోవాలంటే చూడాల్సింది క్రీ.పూ. 30వ సంవత్సరం. ఆ ఏడాది క్లియోపాత్రా చనిపోయింది, ఈజిప్టు రోమ్ చేతికి వచ్చింది. ఇండియాకు ఓడలు బయల్దేరే ఎర్ర సముద్రపు రేవులు, సరుకు నైలు నది మీదుగా చేరే అలెగ్జాండ్రియా, రెండూ ఒకే మనిషి, అంటే అగస్టస్, అధీనంలోకి వెళ్లాయి. అంతకుముందు ఈజిప్టు రాజుల కాలంలో ఇండియా దాకా వచ్చిన ఓడలు కొద్దే. కొన్నేళ్లకే మ్యోస్ హోర్మోస్ అనే రేవు నుంచి 120 దాకా ఓడలు ఇండియా వైపు వెళ్తున్నాయని అక్కడికి వెళ్లిన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు.

ఆ ఓడల మీద డబ్బు పెట్టినవాళ్లకు అగస్టస్ ఎక్కడో దూరాన ఉన్న రాజు కాదు. దారి ఆయనది, రక్షణ ఆయనది, ఇండియా సరుకు మీద నాలుగో వంతు సుంకం వసూలు చేసేది కూడా ఆయన ప్రభుత్వమే. బతికుండగానే ఆయనకు గుడులు కట్టడం తూర్పు దేశాల్లో అప్పటికే మొదలైంది. క్రీ.పూ. 29లో పెర్గమోన్, నికోమీడియా నగరాల్లోని గ్రీకులకు ఆయనే అనుమతి ఇచ్చాడు. ఈజిప్టు దక్షిణ సరిహద్దులో ఫిలే దీవి మీద క్రీ.పూ. 13-12 నాటికి ఆయన పేరున గుడి ఉంది.

నా దృష్టిలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఒక చిన్న సంఘటన. అగస్టస్ చివరి రోజుల్లో ఇటలీలోని పుటియోలి రేవు పక్కగా ప్రయాణిస్తున్నాడు. అప్పుడే అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన ఓడలోని వాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, పూలదండలు వేసుకుని, సాంబ్రాణి వేసి ఆయన్ని కొలిచారు. మేం బతుకుతున్నది నీ వల్ల, ఓడ నడుపుతున్నది నీ వల్ల, మా స్వేచ్ఛా మా సంపదా నీ వల్లే అన్నారు. ఇది రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాసిన విషయం. ఇలాంటి అలెగ్జాండ్రియా వాళ్లే ముజిరిస్‌కూ వచ్చేవారు. అక్కడ గుడి కట్టుకోమని వాళ్లకు సైన్యమో గవర్నరో చెప్పనక్కర్లేదు.

వచ్చినవాళ్లు వెంటనే తిరిగి వెళ్లే వీలూ లేదు. రోమన్ రచయిత ప్లినీ లెక్క ప్రకారం అరేబియా తీరం నుంచి ముజిరిస్‌కు 40 రోజులు. నైరుతి గాలితో రావాలి, గాలి తిరిగాక డిసెంబరులోనో జనవరి మొదట్లోనో వెళ్లాలి. మధ్యలో నెలల తరబడి ఇక్కడే ఉండాలి. ఉన్నచోట తిండి, గోదాము, అప్పు పత్రాలు, దేవుడు అన్నీ కావాలి. 1985లో అచ్చయిన ఒక పపైరస్ (ఈజిప్టు రెల్లు కాగితం మీది రాత) ఈ జీవితాన్ని కాస్త దగ్గరగా చూపించింది. అది క్రీ.శ. రెండో శతాబ్దం నాటిది. ఒకవైపు ముజిరిస్ అప్పు ఒప్పందం ప్రస్తావన, రెండోవైపు హెర్మపొల్లోన్ అనే ఓడ తెచ్చిన సరుకు లెక్క. గంగా ప్రాంతపు జటామాంసి, ఏనుగు దంతాలు వగైరా కలిపి సుమారు 70 లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) విలువ. ఒక్క ఓడ సంగతి ఇది! అంత డబ్బు తిరిగే చోట విదేశీ వర్తకులు ఒక చిన్న గుడి కట్టుకున్నారంటే నాకేమీ వింతగా అనిపించదు.

కాదనేవాళ్ల వాదన కూడా చెప్పాలి. పటం ఇప్పుడున్న రూపంలో క్రీ.శ. 1200 ప్రాంతంలో తయారైన నకలు. ముజిరిస్ గురించి రాసిన ప్లినీ గానీ, ఎర్ర సముద్రపు వర్తకుల దారులు వివరించిన పెరిప్లస్ అనే గ్రంథం గానీ గుడి ఊసెత్తలేదు. అది అగస్త్యుడి గుడి అయి ఉంటుంది, పేరు తప్పుగా విన్నారని అనేవాళ్లూ ఉన్నారు. పేరు పోలిక తప్ప దానికి ఇంకో ఆధారం నాకు కనిపించలేదు. నకలు అన్న అభ్యంతరం బరువైనదే. కానీ ఆ పటం పొరలు పొరలుగా పెరిగింది. 79లో బూడిద కింద పూడిపోయిన పాంపే అందులో ఉంది, 330లో వెలసిన కాన్‌స్టాంటినోపుల్ కూడా ఉంది. అంటే తర్వాతి చేతులు కొత్తవి కలిపినా పాతవి చెరపలేదు. అయితే ఒక్క జాగ్రత్త అవసరం: ‘అగస్టస్’ తర్వాతి చక్రవర్తులందరికీ బిరుదైంది. కాబట్టి ఆ గుడి మొదటి అగస్టస్‌దే అని పట్టుబట్టలేం.

ఇక రోమ్ మనల్ని ఏలిందా అన్న కోపం. పెరిప్లస్‌లోనూ, ప్లినీ రాతల్లోనూ ముజిరిస్ ప్రాంతం చేర రాజుదనే ఉంది. యవనుల (గ్రీకు, రోమన్ వర్తకుల) ఓడలు పెరియార్ నది నురగను చీల్చుకుంటూ బంగారంతో వచ్చి మిరియాలతో వెళ్తాయని అకనానూరు అనే ప్రాచీన తమిళ కవితల సంకలనంలో కవి పాడాడు. అది సరుకు అమ్మేవాడి ధీమా, లొంగిపోయినవాడి గొంతు కాదు. మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టిబేరియస్‌ల వెండి నాణేలు పదిహేను వందలకు పైగా దొరికాయి. అంతమాత్రాన నల్గొండ రోమ్ కింద ఉందని ఎవరూ అనలేదు కదా. పరాయి వర్తకుడికి తన దేవుణ్ని కొలుచుకునే చోటు ఇవ్వడం ఆ రోజుల్లో రేవు నడిపే రాజు చేసే మామూలు పని.

మరి ఇంత గొడవ ఎందుకు? గుడి కంటే రేవు ఎక్కడుంది అన్న ప్రశ్న దగ్గర మనసులు విరిగాయి. చాలాకాలం ముజిరిస్ అంటే కొడుంగల్లూర్ అనుకున్నారు. క్రీ.శ. 52లో సెయింట్ థామస్ దిగాడని కేరళ క్రైస్తవులు నమ్మేదీ ఆ ప్రాంతంలోనే. 2007 నుంచి కేరళ చరిత్ర పరిశోధన మండలి ఎర్నాకుళం జిల్లాలోని ‘పట్టణం’ ఊళ్లో తవ్వితే రోమన్ ఆంఫొరా కూజాల ముక్కలు, ఇటుకల రేవు కట్ట, ఒక పడవ, మిరియాలు బయటపడ్డాయి. ముజిరిస్ ఇదే అనడం తొందరపాటని కొందరు పెద్ద చరిత్రకారులు అన్నారు. థామస్ కథకు బలం చేకూర్చడానికే ఇదంతా అని ఇంకొందరు అన్నారు. తవ్వినవాళ్లు ఆ మాట ఖండించారు. 2015లో కేంద్ర పురావస్తు శాఖ లైసెన్సు రాక పని ఆగిపోయింది, 2020లో వేరే సంస్థ తరఫున మళ్లీ మొదలైంది. మట్టిలో దొరికిన కూజా ముక్కకు మతం అంటగట్టి ఏళ్లకేళ్లు పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంది.

‘పట్టణం’ ఊళ్లో ఇప్పటిదాకా రోమన్ గుడి ఆనవాలు దొరకలేదు. తవ్వింది మొత్తం దిబ్బలో ఒక్క శాతం కూడా లేదు. మిగతా దాని మీద ఇళ్లు, కొబ్బరి తోటలు ఉన్నాయి, జనం కాపురాలు చేస్తున్నారు. పటం చూపించే గుర్తు సరస్సు పక్కన గుడి. కానీ పెరియార్ నది దారులు మార్చుకుంటూ వచ్చింది. 1341 వరదలో పాత రేవు పూడి కొచ్చి రేవు తెరుచుకుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పటం గీసినప్పుడు ఆ సరస్సు గట్టు ఎక్కడుందో ముందు తేలాలి. పటమూ, హెర్మపొల్లోన్ లెక్కల పపైరస్సూ రెండూ ఇప్పుడు వియన్నాలో, ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మూడో సాక్ష్యం ఉంటే గింటే కేరళలోనే, ఎవరి పెరటి కిందో ఉండాలి.